దారి పొడవు, దారి వెడల్పు: నా ఆటలో శత్రువులు ఎలా ఎదురుపడాలి?

1వ రోజు

ఒంటరిగా చేస్తున్న నా చిన్న ఆర్‌పీజీలో (పాత్రలను నడిపిస్తూ, పోరాడుతూ, బలం పెంచుకుంటూ పోయే కంప్యూటర్ ఆట) ఇవాళ గుహ భాగం మొదలుపెట్టాను. నాలుగు అంతస్తులు, అడుగున ఒక బాస్, అంటే అన్నిటికంటే బలమైన శత్రువు. పోరు తెర, ఆయుధాలు, మంత్రాలు, వంతుల క్రమం అన్నీ పోయిన నెలలోనే సిద్ధమయ్యాయి. తేలనిది ఒక్కటే. గుహలో నడుస్తున్న మనిషికి శత్రువు ఎలా ఎదురవ్వాలి? దారిలో ఎవరూ కనిపించకుండా, కొన్ని అడుగులు వేసేసరికి తెర ఒక్కసారి మెరిసి పోరు మొదలవ్వాలా? లేక శత్రువు ముందే కంటికి కనిపిస్తూ, తన మానాన తాను తిరుగుతూ, తగిలినప్పుడే పోరు మొదలవ్వాలా?

మొదటి పద్ధతిని రాండమ్ ఎన్‌కౌంటర్ అంటారు. ఎన్‌కౌంటర్ అన్న మాట తెలుగులో వేరే అర్థంలో స్థిరపడిపోయింది కాబట్టి ఇక్కడ తారసపాటు అని రాసుకుంటున్నాను. అనుకోకుండా ఎదురుపడటం అన్న భావం ఆ మాటలోనే ఉంది.

పాత పద్ధతితోనే మొదలుపెడుతున్నాను. చిన్నప్పుడు నేను ఆడినవన్నీ అలాంటివే. దీని వంశం కూడా పెద్దది. 1974లో వచ్చిన, బల్ల చుట్టూ కూర్చుని ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో కొంత సమయం గడిచిన ప్రతిసారీ ఆట నడిపే వ్యక్తి పాచిక వేసేవారు. పడిన అంకెను బట్టి సంచార రాక్షసులు వచ్చి మీద పడేవి. నేలమాళిగలో తీరిగ్గా కూర్చోవడానికి వీల్లేకుండా చేయడం ఆ పాచిక పని. 1981 నాటి కంప్యూటర్ ఆట విజార్డ్రీలో ఆ పాచికను కంప్యూటరే వేసింది. 1986లో డ్రాగన్ క్వెస్ట్ దాన్ని నింటెండో వారి ఆట యంత్రం ఫామికామ్ మీదకు తెచ్చింది. ఆ యంత్రంలో పని జరిగే మెమరీ 2 కిలోబైట్లు. తెర మీద ఒకేసారి కదలగల చిన్న బొమ్మలు 64. ఒకే అడ్డగీత మీద 8 దాటితే మిగిలినవి కనిపించవు. అలాంటిచోట పది మంది శత్రువులను మ్యాప్ మీద నడిపించడం కంటే, అడుగులు లెక్కపెట్టి వేరే తెర మీద ఒక్క పెద్ద బొమ్మను చూపించడం ఎంతో తేలిక.

నా కంప్యూటర్‌కు ఆ ఇబ్బంది లేదు. అయినా ఆ పద్ధతి ఇన్నేళ్లు నిలిచిందంటే, యంత్రం ఇబ్బందిని మించినది అందులో ఏదో ఉందని నా నమ్మకం. అదేమిటో చేసి చూస్తేగాని తెలియదు.

3వ రోజు

మొదటి కోడ్ ఐదు వరుసలు. అడుగు పడిన ప్రతిసారీ 1 నుంచి 20 లోపు ఒక అంకె తీయడం, 1 వస్తే పోరు. సగటున 20 అడుగులకు ఒకటి. కాగితం మీద న్యాయంగానే ఉంది.

ఆడితే, కదలగానే పోరు. అది ముగిసి కదలగానే మరొకటి. లెక్కను నేను తెర గీసిన ప్రతిసారీ నడిచే ఫంక్షన్‌లో రాశాను. అడుగుకు ఒకసారి పడాల్సిన పాచిక ఫ్రేముకు ఒకసారి పడుతోంది. సెకనుకు 60 ఫ్రేములు చూపే తెర మీద కంటే 144 చూపే తెర మీద 2.4 రెట్లు వేగంగా శత్రువులు వస్తారు. గోడకు ముఖం పెట్టి మీట నొక్కి పట్టుకున్నా వస్తారు. పాత్ర ఒక టైల్ (మ్యాప్‌లోని ఒక గడి) దాటి పక్క టైల్‌లో పూర్తిగా నిలిచాకే అడుగు లెక్కలోకి రావాలని మార్చాను.

అప్పుడు అసలు చిక్కు బయటపడింది. 20లో 1 వంతు అవకాశం అంటే, ఒక పోరు ముగిశాక మూడడుగుల్లోపే ఇంకొకటి వచ్చే అవకాశం 14 శాతం. దాదాపు ప్రతి ఏడింటిలో ఒకసారి ఊపిరి పీల్చుకునే లోపే మళ్లీ తెర మెరుస్తుంది. మరోవైపు 60 అడుగులు నడిచినా ఎవరూ రాకపోయే అవకాశం దాదాపు 5 శాతం. సగటు సరిగ్గానే ఉంది. ఆడే మనిషికి అనుభవంలోకి వచ్చేది మాత్రం సగటు కాదు, ఒకదాని వెంట ఒకటి వచ్చిన ఆ మూడు పోరాటాలు.

దీనికి ఇతరులు కనిపెట్టిన మందులు రెండు నాకు తెలుసు. ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ ఆర్‌పీజీ మేకర్ ఎమ్‌వీ అడుగడుగునా పాచిక వేయదు. పోరు ముగియగానే రెండు పాచికలు వేసి, కలిపి, ‘ఇన్ని అడుగుల తర్వాత’ అని ముందే నిర్ణయించుకుంటుంది. రెండు పాచికల మొత్తం కాబట్టి మధ్య అంకెలే ఎక్కువగా పడతాయి. సగటు 20 ఉంచి లెక్క వేస్తే మూడడుగుల్లోపు పోరు వచ్చే అవకాశం 1.5 శాతానికి దిగింది. రెండో మందు 1994 నాటి ఫైనల్ ఫాంటసీ 6ది. అందులో ప్రతి అడుగుకూ ఒక ప్రమాద లెక్క పెరుగుతూ పోతుంది, పోరు రాగానే మళ్లీ సున్నా అవుతుంది. నా ఆటలో మొదటి అడుగుకు 0.4 శాతం, రెండో అడుగుకు 0.8, మూడో అడుగుకు 1.2, ఇలా పెంచి చూశాను. సగటు 20 దగ్గరే నిలిచింది. మూడడుగుల్లోపు అవకాశం 2.4 శాతం. 60 అడుగులు ఖాళీగా గడవడం దాదాపు అసాధ్యం.

రెండోదే ఉంచుకున్నాను. చాలాసేపు ఎవరూ రాకపోతే ‘ఇక వస్తారు’ అని మనసు చెబుతుంది. మొదటి కోడ్‌లో ఆ మాట అబద్ధం. ఇందులో నిజం. ఆడేవారి మనసు చెప్పేదానికి ఆట కట్టుబడి ఉండాలి అనిపించింది.

6వ రోజు

చెల్లెలి చేతికి ఇచ్చాను. పక్కన కూర్చుని, నోరు మెదపకూడదని నియమం పెట్టుకుని చూశాను.

రెండో అంతస్తు చిక్కుదారిలో ఒక పోరు ముగిసి మ్యాప్ తిరిగి వచ్చింది. ఆమె మీట నొక్కబోయి ఆగింది.

“అక్కా, నేను ఎటు నుంచి వచ్చాను?”

నాకు సమాధానం తెలుసు, ఆటకూ తెలుసు. పాత్ర ముఖం ఎటు ఉందో అటే వెళుతోందని నా ఉద్దేశం. కానీ పోరు నుంచి తిరిగి వచ్చేటప్పుడు పాత్రను ఎప్పుడూ కిందికి చూస్తున్నట్టే నిలబెడుతున్నాను. రెండు నిమిషాల పోరు తర్వాత ఎవరికైనా దారి గుర్తుండదు. ఆమె వచ్చిన దారినే వెనక్కి నడిచి, ఆ నడకలో ఇంకో పోరులో పడింది. దిశను దాచుకుని తిరిగి ఇవ్వడం ఒక్క వరుస కోడ్. అయితే ఆ ప్రశ్న దిశ గురించి మాత్రమే కాదు. దారి పట్టుకోవడానికి మనసు ఒక చిన్న పటం గీసుకుంటుంది. హఠాత్తుగా తెగే ప్రతి తెరా దానిలో కొంత చెరిపేస్తుంది. చిక్కుదారినీ హఠాత్తు తారసపాట్లనూ ఒకేచోట పెట్టకూడదని ఇవాళ్టి తీర్మానం.

ఇంకోటి గమనించాను. తూర్పు చివర గదిలో మంచి కత్తి పెట్టాను. ఆమె అటు వెళ్లనే లేదు. ఎందుకని అడిగితే, “అంత దూరం వెళ్లి రావాలంటే ఇంకో రెండు పోరాటాలు తగులుతాయి, అక్కడేమీ లేకపోతే దండగ కదా” అంది. ఎంత కచ్చితమైన లెక్క! ఈ పద్ధతిలో ప్రతి అడుగుకూ ఒక ఖర్చు ఉంది. గది ఎంత దూరమో, వెళ్లడం అంత ఖరీదు. నేను మ్యాప్ గీస్తున్నాననుకున్నాను. నిజానికి ధరల పట్టిక గీస్తున్నాను.

అదే ఖర్చు మూడో అంతస్తులో అద్భుతం చేసింది. ఆమె దగ్గర మందులు అయిపోయాయి, ముగ్గురిలో ఇద్దరు పడిపోయారు, మెట్లు పన్నెండు టైళ్ల దూరంలో ఉన్నాయి. ఒక్కో అడుగూ విడివిడిగా వేసింది. తెర మీద ఏమీ లేదు, రాయి, చీకటి తప్ప. ఆఖరి అడుగు మెట్టు మీద పడ్డాక కుర్చీలో వెనక్కి వాలింది. నేను ఇంతవరకు రాసిన ఆటలో అంత గొప్ప క్షణం లేదు. దాన్ని సృష్టించింది ఆ పెరిగే లెక్క ఒక్కటే.

9వ రోజు

చిన్న గమనిక. 1996 నాటి మొదటి పోకెమాన్ ఆటల్లో పొడవాటి గడ్డి గురించి ఆలోచిస్తూ ఉన్నాను. అక్కడ ఎవరు వస్తారో తెలియదు, ఎప్పుడు వస్తారో తెలియదు, కానీ ఎక్కడ వస్తారో కంటికి కనిపిస్తుంది. గడ్డిలో కాలు పెట్టడం ఒక ఒప్పుకోలు. వద్దనుకుంటే వీలైనచోట చుట్టూ తిరిగి పోవచ్చు, రెపెల్ చల్లుకుని బలహీనమైనవాటిని 100 అడుగుల పాటు దూరం పెట్టవచ్చు. హఠాత్తు తారసపాటు అంటే అంతా దాచేయడమే అనుకుంటూ వచ్చాను. ఏది దాచాలి, ఏది చూపాలి అన్నది మూడు వేర్వేరు ప్రశ్నలు.

12వ రోజు

ఇక కనిపించే శత్రువులు. వేరే శాఖలో, అంటే కోడ్‌కు ఇంకో నకలులో, కొత్తగా రాస్తున్నాను, పాత కోడ్ చెడకుండా.

ఎవరి అడుగుజాడల్లో వెళుతున్నానో తెలుసు. ఎర్త్‌బౌండ్‌గా బయటి దేశాలకు వెళ్లిన 1994 నాటి మదర్ 2లో శత్రువు మ్యాప్ మీద కనిపిస్తుంది. దాని వెనుక నుంచి తాకితే మొదటి దెబ్బ మనది, అది మన వెనుక నుంచి తాకితే దానిది. మనం బాగా బలపడ్డాక చిన్న శత్రువులు మనల్ని చూసి పారిపోతాయి. మరీ బలహీనమైనవైతే పోరు తెర రాకుండానే గెలుపు మనదవుతుంది. బలం పెరిగిందని అంకెతో చెప్పకుండా ఎదుటివారి ప్రవర్తనతో చెప్పడం నాకెంతో ఇష్టం. 1995లో క్రోనో ట్రిగ్గర్ ఇంకో మెట్టు ఎక్కి, నిలబడ్డ చోటే పోరు జరిపింది.

నా శత్రువుకు నాలుగు స్థితులు: తిరగడం, గమనించడం, తరమడం, తిరిగి తన చోటికి పోవడం. చూపు ముందువైపు 90 డిగ్రీల విసనకర్ర ఆకారం, ఆరు టైళ్ల దూరం. శత్రువు చూస్తున్న దిశకూ ఆటగాడున్న దిశకూ డాట్ ప్రాడక్ట్ (రెండు దిశలు ఎంతవరకు కలుస్తాయో చెప్పే అంకె) తీసి, అది 0.707 దాటితే చూపులో ఉన్నట్టు. మధ్యలో గోడ ఉంటే చూపు ఆగడానికి ఒక కిరణం. అదే డాట్ ప్రాడక్ట్ గుర్తు తిరగబడితే మనం దాని వెనుక ఉన్నట్టు, అంటే మొదటి దెబ్బ మనది. ఒకే లెక్క రెండు పనులకు వచ్చినప్పుడు కలిగే తృప్తి వేరు.

13వ రోజు

పోరు నుంచి పారిపోతే మ్యాప్ మీదకు వచ్చేసరికి శత్రువు ఇంకా మనల్ని తాకుతూనే ఉంది. వెంటనే మళ్లీ పోరు. మళ్లీ పారిపోతే మళ్లీ పోరు. బయటపడే దారి లేదు. అందుకని ఇప్పుడు పారిపోయి వచ్చాక రెండు సెకన్ల పాటు పాత్ర మినుకుమినుకుమంటూ ఉంటుంది, ఆ సమయంలో ఎవరూ తాకలేరు.

వేగం తేల్చడానికి సాయంత్రం అంతా పట్టింది. నా పాత్ర సెకనుకు ఐదు టైళ్లు నడుస్తుంది. శత్రువు అంతకంటే నెమ్మదైతే ఎప్పటికీ అందుకోదు, వేగమైతే ఎప్పుడూ అందుకుంటుంది. రెండింటిలోనూ తరమడానికి అర్థం లేదు. చివరికి మూడు సెకన్ల పాటు 130 శాతం వేగం, ఆ తర్వాత అలసట అని పెట్టాను. ఆ మూడు సెకన్లలో అది నాలుగున్నర టైళ్ల దూరం పూడ్చగలదు. చూపు ఆరు టైళ్లు. కాబట్టి దూరాన ఉండగానే పసిగట్టి వెనుదిరిగినవారు బతుకుతారు, దగ్గరికి వచ్చాక తటపటాయించినవారు దొరుకుతారు.

17వ రోజు

చెల్లెలు, ఇంకో ఇద్దరు స్నేహితులు ఆడారు. ఇవాళ్టి సంగతి వివరంగా రాసుకోవాలి.

ముగ్గురూ మొదటి పది నిమిషాలు ఆనందంగా ఆడారు. తూర్పు గదిలో కత్తి ముగ్గురికీ దొరికింది. ఆ తర్వాత ముగ్గురూ ఒకటే పని చేశారు: వీలున్న ప్రతిచోటా శత్రువులను తప్పించుకుని వెళ్లిపోయారు. చెల్లెలు నాలుగో లెవెల్‌తో బాస్ ముందు నిలబడింది. ఆ బాస్‌ను నేను ఎనిమిదో లెవెల్ కోసం తయారుచేశాను. మూడు వంతుల్లో ముగిసిపోయింది.

“తప్పించుకుంటే బాగా ఆడినట్టే కదక్కా?” అంది. అవును, బాగా ఆడినట్టే. తెలివిగా తప్పించుకున్న మనిషికి ఆట శిక్ష వేసింది. తప్పు నాది.

ఇంకా పెద్ద లోపం మూడో అంతస్తులో. అక్కడ దారులన్నీ ఒక్క టైల్ వెడల్పు. హఠాత్తు తారసపాట్ల కోసం గీసిన మ్యాప్ కాబట్టి వెడల్పు గురించి నేను ఎప్పుడూ ఆలోచించలేదు, పొడవు ఒక్కటే లెక్కపెట్టాను. ఒక్క టైల్ దారిలో శత్రువు నిలబడితే అది శత్రువు కాదు, మూసిన తలుపు. తప్పించుకోవడానికి పక్క లేదు, వెనుక నుంచి వెళ్లడానికి చుట్టుదారి లేదు. కనిపిస్తోంది, ఏమీ చేయలేము. దీనికంటే కనిపించకపోవడమే నయం.

ఇన్నాళ్లుగా నేను వెతుకుతున్నది ఇక్కడ దొరికింది. హఠాత్తు తారసపాటు దారి పొడవుకు వెల కడుతుంది. కనిపించే శత్రువు దారి వెడల్పుకు వెల కడుతుంది. ఒకదానికోసం గీసిన గుహలో రెండోదాన్ని తెచ్చి పెడితే కుదరదు. పోరు ఎలా మొదలవ్వాలన్న ప్రశ్నకు జవాబు మారితే మొత్తం మ్యాప్ మారాలి.

24వ రోజు

వారం అంతా మ్యాప్ గీయడమే. మొదటి మూడు అంతస్తులు కొత్తవి. శత్రువు తిరిగే ప్రతిచోటా కనీసం నాలుగు టైళ్ల వెడల్పు, చూపును అడ్డుకునే స్తంభం ఒకటి, దాక్కోవడానికి గోడలో ఒక గూడు. దారుల పొడవు దాదాపు సగానికి తగ్గించాను. ఏ ఖర్చూ లేని పొడవు ఉత్త నడక అవుతుంది.

ఒక్కచోట మాత్రం ఇరుకు దారి ఉంచి, శత్రువును దానికి అడ్డంగా పెట్టాను. దాని వెనుక మూడు పెట్టెలు కనిపిస్తాయి. అది మూసిన తలుపే, కానీ తెలిసే వేసిన తలుపు.

26వ రోజు

అంకెల పని. గుహలో తప్పనిసరి పోరాటాలు పన్నెండుకు మించకూడదు, వాటితోనే బాస్‌కు సరిపడా బలం రావాలి. ఒక్కో పోరుకు వచ్చే, లెవెల్ పెంచే అనుభవ పాయింట్లు రెండున్నర రెట్లు పెంచాను. పోరాటాలు తగ్గాయి కాబట్టి ఒక్కోటీ ఇదివరకటి కంటే ఆసక్తిగా ఉండాలి. అయిదు రకాల గుంపులు చెరిపేసి మళ్లీ రాశాను. శత్రువును తప్పించుకుని తర్వాతి గదికి చేరితే అక్కడ చిన్న బహుమతి. ఓడించిన శత్రువు ఆ అంతస్తు వదిలి వెళ్లేదాకా తిరిగి రాదు. గది మారగానే తిరిగి పుట్టేలా మొదట పెట్టాను. తాను శుభ్రం చేసిన చోటికి తిరిగి వచ్చి అదే శత్రువును చూడటం ఆడేవారికి అవమానంగా ఉంటుంది, తీసేశాను.

29వ రోజు

గుహ ఇప్పుడు బాగుంది. అందరూ హాయిగా ఆడుతున్నారు. కానీ ఆరో రోజున చూసిన ఆ పన్నెండు అడుగులు పోయాయి. ఇప్పుడు మందులు అయిపోతే చెల్లెలు చుట్టూ చూస్తుంది, ఎవరూ లేరని తెలుసుకుంటుంది, నడిచిపోతుంది. కంటికి కనిపించే అపాయంలో భయం ఉంది. చూపు చాలని చోట పుట్టే భయం వేరు.

2015 నాటి అండర్‌టేల్ గుర్తొచ్చింది. అందులో ఒక్కో ప్రాంతంలో వచ్చే శత్రువుల సంఖ్య పరిమితం. అందరినీ చంపేశాక కూడా నడుస్తూ ఉంటే పోరు తెర తెరుచుకుంటుంది, అక్కడ ఎవరూ ఉండరు. ఆ ఖాళీని కనిపించే శత్రువులతో చూపించడం కష్టం. ఎవరో వస్తారని ఎదురుచూసే అలవాటు ముందు ఉంటేనే రాకపోవడం గుండెకు తగులుతుంది.

రెండూ కలిపిన ఆటలూ ఉన్నాయి. 2007 నాటి ఎట్రియన్ ఒడిస్సీలో మామూలు శత్రువులు హఠాత్తుగానే వస్తాయి, కానీ తెర మీద ఒక గుర్తు రంగు మారుతూ అవి దగ్గరపడుతున్నాయని చెబుతుంది. ఎఫ్ఓఈలు అనే మహాబలులు మాత్రం పటం మీద కనిపిస్తూ, మనం ఒక అడుగు వేస్తే తామూ ఒక అడుగు వేస్తాయి. 1999 నాటి వైల్డ్ ఆర్మ్స్ 2 పోరుకు ముందు తల మీద ఆశ్చర్యార్థకం చూపి, కొన్నిసార్లు వద్దనే వీలు ఇచ్చింది. బ్రేవ్లీ డిఫాల్ట్ తారసపాట్లు ఎన్ని రావాలో ఆడేవారి చేతికే వదిలేసింది, సున్నా నుంచి రెట్టింపు దాకా. ఆ చివరి పద్ధతిని సెట్టింగులలో పెడతాను, అవసరమైనవారు ఉంటారు. నా గుహకు మాత్రం దాన్ని జవాబు చేసుకోలేను. ఎంత భయపడాలో ఆడేవారినే అడిగితే నేను చేయాల్సిన పని వారి మీద వేసినట్టు.

నాలుగో అంతస్తు ఇంకా కొత్తగా గీయలేదు. అక్కడ నీళ్లు నిండి ఉండాలని కథలో మొదటినుంచీ ఉంది. మోకాలి లోతు నల్లటి నీళ్లు. కింద ఏముందో పాత్రకూ కనిపించదు, నాకూ కనిపించనక్కర్లేదు. చూపు నిజంగానే చాలని చోట శత్రువును దాస్తే అది న్యాయం. పై అంతస్తుల్లో కాగడా వెలుగు, కనిపించే శత్రువులు. నీటిలో పాత లెక్క. నీళ్లు ఎక్కడ మొదలవుతాయో గట్టు మీద నుంచి స్పష్టంగా కనిపిస్తుంది, పొడవాటి గడ్డిలాగే.

31వ రోజు

పాత శాఖ నుంచి ప్రమాద లెక్కను తెచ్చి నీటి టైళ్లకు మాత్రమే తగిలించాను. గట్టు ఎక్కితే లెక్క సున్నా. మధ్యలో ఏడు రాళ్లు తేలి ఉన్నాయి. రాళ్ల మీదుగా వెళితే దారి చుట్టు, కానీ నీటిలో గడిపే అడుగులు తక్కువ. చిక్కుదారి లేదు. అవతలి గట్టు ఎప్పుడూ కంటి ముందే ఉంటుంది, దారి మరిచిపోవడానికి వీల్లేదు.

పాచిక పడ్డాక పోరు వెంటనే మొదలవ్వదు. పాత్ర చుట్టూ నీటిలో ఒక వలయం లేస్తుంది. అప్పుడు ముందుకు అడుగు వేస్తే పోరు, వెనక్కి వేస్తే వలయం సద్దుమణుగుతుంది, ప్రమాద లెక్క సగానికి తగ్గుతుంది, వేసిన అడుగు వృథా అవుతుంది. కదలకుండా నిలబడితే రెండు సెకన్ల తర్వాత పోరే.

33వ రోజు

చెల్లెలు నాలుగో అంతస్తు ఆడింది. మందులు రెండు మిగిలాయి. మొదటి మూడు రాళ్లు సులువుగా దాటింది. నాలుగో రాయికి ముందు నీటిలో ఆరు అడుగులు ఉన్నాయి. ఐదో అడుగులో వలయం లేచింది. వేలు మీట మీద ఉంది, నొక్కలేదు. వెనక్కి ఒక అడుగు వేసింది. నీళ్లు సద్దుమణిగాయి. ఆరో రోజు లాగే ఒక్కో అడుగూ విడివిడిగా వేస్తూ మళ్లీ ముందుకు కదిలింది. ఈసారి వలయం రాలేదు. రాయి ఎక్కాక కూడా కాసేపు మాట్లాడలేదు.

“అక్కా, అదేమిటో నాకు చెప్పకు” అంది చివరికి.

వలయం లేచాక నీటి చప్పుడు కొంచెం ఆలస్యంగా వస్తోంది. బొమ్మ కంటే చప్పుడే ముందు రావాలి. రేపటి మొదటి పని అది. తర్వాత బాస్ గది.